అటు దిక్కు మనిషి

మా ఆయన రాఘవేందర్ చేతికి ఏ వస్తువు ఇచ్చినా అది ఇంటికి తిరిగి రాదు. గొడుగులు రావు, టిఫిన్ డబ్బాలు రావు. హెల్మెట్ ఒకసారి వచ్చింది గానీ అది వేరేవాళ్లది. కూరగాయలకు పంపితే సంతంతా తిరిగి, ఎవరి బోరులో నీళ్లు పడ్డాయో, ఎవరి కోడలు ఎందుకు అలిగిందో తెలుసుకుని, చేతులూపుకుంటూ వస్తాడు. "కూరగాయలేవయ్యా?" అని అడిగితే, "అగో! నేను పోయింది గందుకే గదా!" అని తనే ఆశ్చర్యపోతాడు. ఆ ఆశ్చర్యం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. నవ్వు కూడా వస్తుంది, కానీ అది ఆయనకు కనపడనివ్వను.

ఇలాంటి మనిషి ఏం పని చేస్తాడనుకుంటున్నారు? బడిపంతులు! మల్దకల్ దాటాక వచ్చే ఒక చిన్న ఊళ్లో ప్రాథమిక పాఠశాల టీచరు. అందులోనూ, మనసు ఒక్కచోట నిలవని పిల్లలకు పాఠం చెప్పడంలో ఈయనను మించినవాడు లేడని ఆ చుట్టుపక్కల పేరు. ఆ మాట మొదటిసారి విన్నప్పుడు ఇంకెవరో రాఘవేందర్ గురించి చెబుతున్నారనుకున్నాను.

ఈయన గద్వాలలోనే పుట్టి పెరిగాడు. నేతపనివాళ్ల ఇల్లే గానీ, వాళ్ల నాయన కాలానికే మగ్గం మూలబడింది. చిన్నప్పుడు బడిలో ఈయన బెంచీ మీద కూర్చున్నది తక్కువ, నిలబడ్డది ఎక్కువ. దిక్కులు చూస్తున్నాడని పంతులు బెంచీ ఎక్కించేవాడట. ఎక్కితే వీధి ఇంకా బాగా కనిపించేదట. ఇంకేం, సంతోషంగా నిలబడేవాడట! శిక్ష వేసినవాడికి కోపం పెరిగేది, పడినవాడికి లోకజ్ఞానం పెరిగేది.

మరి పంతులెట్లా అయ్యాడంటారా? ఆర్టీసీ దయ. ఇంట్లో కూర్చుంటే ఒక్క పేజీ ముందుకు కదిలేది కాదు. ఒకనాడు ఆత్మకూరులో పెళ్లికి పోతూ బస్సులో పుస్తకం తెరిస్తే, దిగేలోపు పాఠం పూర్తయింది. కదిలే బస్సులో ఈయన బుద్ధి కదలకుండా కూర్చుంటుందని అప్పుడు తెలిసింది. వెంటనే బస్సు పాసు తీసుకున్నాడు. గద్వాల నుంచి ఆత్మకూరు, అక్కడి నుంచి వనపర్తి, మళ్లీ వెనక్కి. టీచర్ ట్రైనింగు పరీక్షకు చదివిందంతా అలాగే. కండక్టర్లు కిటికీ సీటు ఆపి ఉంచేవారు, తోచనప్పుడు ప్రశ్నలు కూడా అడిగేవారు. పరీక్ష వనపర్తిలో పడింది. ఆ రోజు చివరి పాఠం చదువుతూ చదువుతూ తలెత్తి చూస్తే నాగర్‌కర్నూలు! మరుసటి ఏడాది వాళ్ల నాయన వెంట వెళ్లి, చెయ్యి పట్టుకుని వనపర్తిలో దించాడు. అందుకే ఈ రోజు మనకీ పంతులు దక్కాడు.

పెళ్లిచూపులకు మా ఇంటికొచ్చి నన్ను చూడలేదు. నేను కాఫీ తీసుకొచ్చేసరికి పక్కగదిలో మగ్గం చప్పుడు విని లేచిపోయాడు. పెద్దవాళ్లు మాటలన్నీ ముగించి తాంబూలాలు చేతికి తీసుకున్నాక వచ్చి, "మగ్గం శానా మంచిగున్నది" అన్నాడు. మా నాయన దాన్ని ఒప్పుకోలు కింద తీసుకున్నాడు. అలా నాకు పెళ్లయింది. పెళ్లయ్యాక ముందుగదిలో కాళ్లు పెట్టుకుని నేసే గుంట తవ్వించి నా మగ్గం దింపించుకున్నాను.

ఇక్కడ మా గద్వాల చీర గురించి నాలుగు మాటలు చెప్పాలి. నడుమ నూలు, అంచు పట్టు. ఈ రెండింటినీ తర్వాత కుట్టం. నేసేటప్పుడే నడుమ దారమూ అంచు దారమూ ఒకదాన్నొకటి మెలేసి పట్టుకోవాలి. దారం చుట్టిన కండెను కడుపులో పెట్టుకుని అటూ ఇటూ పరుగెత్తే చెక్కను నాడె అంటాం. నడుమకొక నాడె, అంచులకు వేరే నాడెలు. అందుకని నేసే మనిషి ఒక్కరే చాలరు, అటు దిక్కు ఇంకో మనిషి కావాలి. నేను వేసింది ఆ మనిషి పట్టాలి, నా దారాన్ని తన దారంతో మెలేయాలి, ఆ తర్వాతే తన నాడె వేయాలి. పట్టకుండా వేస్తే అంచు ఊడి చేతికొస్తుంది.

నాకు అటు దిక్కు కూర్చునేది పక్కింటి భాగ్యమ్మ. ఒక ఆదివారం ఆమె కూతురింటికి పోయింది. చీర ఆగిపోయింది. అరుగు మీద కూర్చుని చీమల వరుసను తదేకంగా చూస్తున్న మా ఆయనను చూసి నాకు మండింది.

"ఏమయ్యా, చీమలు నువ్వు లేకున్నా పోతయి. వచ్చి ఇటు కూసో" అన్నాను.

"నాతోని యాడైతది నవనీతా? నా మనసు ఆగదు, నీ చీర కరాబ్ చేస్త."

"చేస్తే నీ సంగతి చెప్త. కూసో."

కూర్చున్నాడు. మొదట్లో నాలుగు పోగులు తెంపాడు, నేను నాలుగు మాటలన్నాను. తర్వాత కుదిరింది. నేను వేస్తే ఆయన పట్టాడు, ఆయన వేస్తే నేను పట్టాను. పెట్టిన చాయ్ పక్కనే చల్లారిపోయింది. వీధిలో బ్యాండు మేళం పోయింది, తల తిప్పలేదు. పొద్దు వాలాక నేను చేతులు ఆపితే, నిద్రలోంచి లేచినవాడిలా చూశాడు.

"ఇదేందే! ఇంతసేపు నేనే కూసున్ననా? నా మనసు యాడికీ ఎందుకు పోలే?"

"పోతే నా నాడె నీ మూతి మీద పడ్తది గనక."

నేను వేళాకోళానికి అన్నాను. ఆయన మాత్రం గుంట పక్కనే కూర్చుండిపోయి, "గదే! గదే!" అని తొడ కొట్టుకున్నాడు. "ఇంకో మనిషి నా కోసం ఆగి ఉన్నడు. నేను పడితెనే ఆయన పని నడుస్తది. ఇగ మనసు యాడికి పోతది? బడిల పిల్లలకు అటు దిక్కు మనిషి లేడు నవనీతా! పంతులు ఆడ గోడకాడ నిలవడి చెప్తడు, పిల్లలు ఈడ కూసుంటరు. పట్టేటోడు లేడు, ఏసేటోడు లేడు!" ఆ రాత్రి అన్నంలో పప్పుకు బదులు మంచినీళ్లు పోసుకున్నాడు. అంత ఉత్సాహం.

మర్నాడు మా అటక మీది పాత నాడె, దారం లేనిది, బడికి తీసుకుపోయాడు. తన తరగతి పిల్లలను ఎదురెదురుగా ఇద్దరిద్దరిగా కూర్చోబెట్టాడు. పాఠాన్ని చిన్న చిన్న ముక్కలు చేశాడు. ఒకడు ఒక ముక్క చెప్పి నాడె విసిరితే, ఎదుటివాడు పట్టుకుని, ముందు వాడు చెప్పింది తన మాటల్లో చెప్పాలి. ఆ తర్వాతే తన ముక్క. "ముందు పట్టు, తర్వాత ఎయ్యి!" ఇదొక్కటే నియమం. వినకుండా ఉంటే పట్టలేవు, పట్టకపోతే నీ వంతు రాదు. పిల్లలకు తమ వంతు పోవడమంటే మామూలు నష్టమా!

ప్రధానోపాధ్యాయురాలు నాగేంద్రమ్మ మేడం మొదట్లో గుండె పట్టుకున్నారు. "రాఘవేందర్, ఇది బడా, బంతాటా?" అని అడిగారు. కాళ్లు కుదురుగా ఉండని పిల్లలను నడుమ నడుమ లేపి, "పోయి యాపచెట్టుకు చెంబెడు నీళ్లు పోసి రా" అని పంపడం చూసి ఇంకా కంగారుపడ్డారు. ఆ వేపచెట్టు మాత్రం ఆ ఏడాది ఏపుగా పెరిగింది. తిట్లు తినే పిల్లలు తిట్లు తినడం మానేసి పాఠాలు చెప్పడం మొదలుపెట్టాక మేడం మెత్తబడ్డారు. ఒకరోజు ఆమె కూడా నాడె పట్టుకుని, పిల్లవాడు చెప్పింది మర్చిపోయి, వంతు పోగొట్టుకున్నారట. తరగతి తరగతంతా ఈలలు వేసిందట.

ఆ తరగతిలోనే ఉంది తేజస్విని. మనసు నిలవదు అని మనం మర్యాదగా అంటాం గానీ, ఆ పిల్ల మనసుకు చక్రాలున్నాయి. ఒక మాట మొదలుపెడితే దాని తోక పట్టుకుని ఇంకో మాట, దాని తోక పట్టుకుని ఇంకోటి. కూర్చున్నచోట ఉండేది, కళ్లు మాత్రం ఎప్పుడూ కిటికీ బయటే. మా ఆయన కిటికీ మూయలేదు. ఆ పిల్లకు ఉద్యోగం ఇచ్చాడు. పాఠం ఒక ముక్క పూర్తి కాగానే, తేజస్విని లేచి కిటికీ వార్తలు చదవాలి.

"నమస్కారం. వార్తలు. నాగప్ప తాత బర్రె మళ్ల ఎవరిదో చేన్ల పడ్డది. పోస్టాయన సైకిల్ చైను ఊడింది. కోడిపెట్ట ఇంకా పిల్లల్ని ఎతుకుతుంది. వార్తలు సమాప్తం."

వార్తలు ఎప్పుడో తెలుసు గనక, మధ్యలో బయటికి చూడాలనే ఆత్రం తగ్గింది. అటు దిక్కు మనిషిగా ప్రవీణ్ అనే పిల్లవాణ్ని కూర్చోబెట్టాడు. వాడు నిదానస్తుడు, ఏం జరిగినా కనురెప్ప వేయడు. ఇద్దరూ కలిస్తే చక్కగా సాగేది. మా ఆయన ఇంటికొచ్చి రోజూ ఆ పిల్ల ముచ్చట్లే. నేను ఆమెను చూడకముందే ఆమె జడ రిబ్బను రంగు కూడా నాకు తెలుసు.

అంతలో తేజస్విని నాయన మల్లేశ్ బడికి వచ్చాడు. వేరుసెనగా, పత్తీ వేసే రైతు, మాట కచ్చితం.

"సారూ, దీన్ని సోమవారం నాగర్‌కర్నూల్ హాస్టల్ల ఏస్తున్న. ఆడ తెల్లారకముందు లేపి రాత్రి దాంక కూసోపెడ్తరంట. కూసునుడన్న వస్తది."

"అది ఇప్పుడిప్పుడే ఇననీకి పట్టింది మల్లేశ్. జర ఆగు."

"ఏం ఆగాలె సారూ? చెంబు తెమ్మని పంపితే కుక్కపిల్లతోని ముచ్చట పెడ్తది. ఇన్నేండ్లాయె, ఒక్క పాఠం మొదటి నుంచి తుద దాంక చెప్పింది నేను ఇనలే. పరేషాన్ అయితున్న."

మా ఆయనకు ఏం తోచిందో! "శనివారం తల్లిదండ్రుల మీటింగ్ ఉన్నది. అందరి ముందట చెప్తది, తుద దాంక. చెప్తే?" అన్నాడు.

"చెప్తే ఈడ్నే ఉంటది. నడుమ ఇడిచిపెట్టి దిక్కులు చూసిందంటే సోమవారం బస్సెక్కుతది. మాటంటే మాట."

ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నువ్వు సంతకు పోయి సంతను మర్చిపోయి వస్తవు. నువ్వు ఆ పిల్ల మీద పందెం కడ్తవా?" అని అరిచాను. అన్నం కలుపుతూ కూర్చుని, తేజస్విని ఏమందో మెల్లగా చెప్పాడు. "సారూ, ఆ హాస్టల్ల కిటికీలు మీదికి ఉంటయంట. ఆకాశం తప్ప ఏం కనపడదంట. ఇగ నేనేం వార్తలు చెప్పాలె?" అందట. నా కోపం ఎటు పోయిందో తెలియదు. ఆ పిల్ల పోకూడదు. అంతే. ఆ క్షణం నుంచి అది నా పంతం కూడా.

శనివారం పొద్దున ఈయన హడావిడి చూడాలి. చొక్కా తిరగేసి తొడిగాడు, మళ్లీ సరిగ్గా తొడిగాడు. పాత నాడె ఇంటికి తెచ్చి, తుడిచి నూనె రాశాడు. నీటి చక్రం పాఠం తనే పాడుకుంటూ తిరిగాడు. నేను పెరట్లో బట్టలు ఆరేసి లోపలికొచ్చేసరికి స్కూటర్ వెళ్లిపోయింది. మగ్గం దగ్గరికి పోయి చూద్దును గదా, నూనె రాసిన పాత నాడె నా గుంట అంచున తళతళా మెరుస్తూ ఉంది. నా అంచు నాడె లేదు!

ఎర్ర పట్టు నిండుగా ఉన్న నాడె! సగం నేసిన చీర మీంచి తీసుకుపోయాడు మహానుభావుడు! దారం చీర అంచు నుంచి మొదలై, గది దాటి, గడప దాటి, భాగ్యమ్మ వాళ్ల తులసి కోట చుట్టూ ఒక మెలిక తిరిగి, వీధి మలుపు దాకా పోయి తెగింది. వీధి వీధంతా బయట నిలబడి చూస్తోంది.

"ఏమె నవనీతా," అంది భాగ్యమ్మ, చేతికి దారం చుట్టుకుంటూ, "మీ సారు చీర నేసుకుంట పోతుండు బడికి!"

ఫోను చేశాను. అది మా వంటింట్లో, బియ్యం డబ్బా మీద మోగింది. ఇక ఆగలేదు. జుట్టు ముడేసుకుని మల్దకల్ ఆటో ఎక్కాను, అక్కడి నుంచి ఇంకో ఆటో. దారి పొడుగునా ఏమేం తిట్టాలో వరుస పెట్టుకున్నాను. పెళ్లిచూపుల దగ్గర నుంచి మొదలుపెట్టాను, ఆ ఊరు వచ్చేసరికి ఇంకా మొదటి ఏడాదిలోనే ఉన్నాను.

బడి వరండా నిండా మనుషులు. నాగేంద్రమ్మ మేడం బల్ల దగ్గర కూర్చున్నారు. స్తంభానికి ఆనుకుని చేతిలో ఫోనుతో ఒక మనిషి, పక్కన చాప మీద ఒక ముసలమ్మ. ఆయనే మల్లేశ్, ఆమె అతని తల్లి తిమ్మమ్మ అని తర్వాత తెలిసింది. మా ఆయన నడుమ నిలబడి ఉన్నాడు. ఎర్ర దారం చొక్కా గుండీకీ, జేబులో పెన్నుకీ, వాచీకీ చుట్టుకుని ఉంది. నన్ను చూడగానే ముఖం వెలిగిపోయింది.

"నవనీతా! నువ్వు గూడ వచ్చినవా!"

"నా నాడె!" అన్నాను పళ్లు బిగబట్టి.

ఆయన చేతిలోకి చూసుకున్నాడు. "అగో!"

నేను చెయ్యి చాపేలోపే మేడం "తేజస్విని!" అని పిలవడం, రెండు జడల పిల్ల ఉరికొచ్చి ఆయన చేతిలోంచి నాడె లాక్కోవడం జరిగిపోయాయి. చిన్నపిల్ల చేతిలోంచి అంతమంది ముందు ఎలా గుంజుకుంటాను? ఊరుకున్నాను.

"ప్రవీణ్ ఏడి?" అన్నారు మేడం.

"ఆత్మకూరుకు పోయిండు మేడం. వాళ్ల తమ్మునికి పుట్టెంటికలు తీస్తుండ్రు" అన్నారు పిల్లలు. "మొన్ననే సారుకు చెప్పిండు!"

మా ఆయన తల గోక్కున్నాడు. చెప్పే ఉంటాడు. ఈయన వినీ ఉంటాడు. అది ఎటో కొట్టుకుపోయి ఉంటుంది. నాకు ఆ క్షణంలో ఆయనను ఏం చేయాలనిపించిందో ఇక్కడ రాయను.

తేజస్విని ఒక్కతే మొదలుపెట్టింది. "సముద్రంల నీళ్లుంటయి. వాటి మీద ఎండ పడ్తది. ఎండకు నీళ్లు ఆవిరైతయి. ఆవిరి మీదికి పోయి…"

సరిగ్గా అప్పుడే, బడి ముందు రోడ్డు మీద, భూమి అదిరేలా పసుపుపచ్చ జేసీబీ వచ్చింది. మాట ఆగిపోయింది. పిల్ల మెడ తిరిగింది. "జేసీబీ!" అంది, కళ్లు ఇంతింత చేసుకుని.

నిజం చెప్పాలంటే వరండాలో సగం మెడలు తిరిగాయి. మల్లేశ్ అయితే మునివేళ్ల మీద లేచి, "అరే, గది మన చేన్లకు రావల్సిందేనా ఏంది!" అన్నాడు. వెంటనే తమాయించుకుని మా ఆయన వైపు తిరిగాడు. "చూసిన్రా సారూ? నేను చెప్తనే ఉన్న. అయిపాయె. సోమవారం బస్సు."

తిమ్మమ్మ కొంగు కళ్లకు అడ్డం పెట్టుకుంది. నాకైతే ఆ జేసీబీ ముందుకు పోయి పడుకుని దాన్ని వెనక్కి పంపాలనిపించింది. తేజస్విని చేతిలో నాడె వంకా, తన ఎదురుగా ఖాళీగా ఉన్న జాగా వంకా చూసింది.

"సారూ, అటు దిక్కు మనిషి లేడు."

"నేనొస్త బిడ్డా!" అని మా ఆయన అడుగు వేశాడు. వేస్తే దారం బల్ల కాలికి చుట్టుకుని, బల్ల కదిలి, మేడం మంచినీళ్ల గ్లాసు ఒలికి, ఈయన ఒంటికాలి మీద గెంతుతూ అక్కడే ఆగిపోయాడు. పిల్ల ఆగలేదు. గిరుక్కున తిరిగి నాడెను నేరుగా వాళ్ల నాయన మీదికి విసిరింది. వరండా మీదుగా ఎర్రగా దారం సాగింది. మల్లేశ్ రెండు చేతులా పట్టుకున్నాడు. ఫోను కింద పడింది.

"పట్టినవు గదా నాయినా," అంది తేజస్విని. "ఇప్పుడు నేనేం చెప్పిన్నో చెప్పాలె. గప్పుడే నీది ఎయ్యాలె."

"నేనా?" మల్లేశ్ చుట్టూ చూశాడు. "నువ్వు… సముద్రం అన్నవు. సముద్రంల… జేసీబీ…"

వరండా ఘొల్లుమంది. తిమ్మమ్మ కొంగు తీసేసి, ఉన్నట్టుండి గొంతెత్తింది. "వీడు చిన్నప్పుడు అచ్చం గిట్లనే! పంతులు పాఠం చెప్తుంటే గోడ మీద తొండను చూసుకుంట కూసుంటుండె! ఎన్ని దెబ్బలు తిన్నడో!"

"అవ్వా, నువ్వు జర ఊకో!" అన్నాడు మల్లేశ్. చెవులు ఎర్రబడ్డాయి.

అందరూ నవ్వుతున్నారు. తేజస్విని నవ్వలేదు. తన చేతిలో ఉన్న దారాన్ని మెల్లగా గుంజింది. అటు మల్లేశ్ చేతిలో నాడె కదిలింది, అతను ఆమె వైపు చూశాడు.

"ఏం గాదు నాయినా. మళ్ల చెప్త. ఫోను జేబుల పెట్టు. జర నా దిక్కు చూడు."

అది బడిలో మా ఆయన పిల్లలతో మాట్లాడే తీరు. ఆ పిల్ల గొంతులో ఆ మెత్తదనం కూడా ఆయనదే. మల్లేశ్ బుద్ధిగా ఫోను తీసి జేబులో పెట్టుకున్నాడు. ఆమె మళ్లీ చెప్పింది, అతను విన్నాడు.

"సముద్రంల నీళ్లకు ఎండ తగిలి ఆవిరైతయి," అన్నాడు మెల్లగా. "ఆవిరి మీదికి పోతది. పోయి… మబ్బయితది!" నాడె విసిరాడు.

"ఆవిరి మీదికి పోయి మబ్బయితదని చెప్పినవు," అంది పిల్ల. "మీద సల్లగుంటది గనక అయితది. గాలి మబ్బులను భూమి దిక్కు నూకుకొస్తది." నాడె వెనక్కి.

"మీద సల్లగుంటది. గాలి నూకుతది. నూకితే మన మీదికి వస్తయి. వచ్చి ఆగయి!" మల్లేశ్ గొంతు లేచింది. "ఉరిమి, మెరిసి, మనల్ని ఆశపెట్టి, కర్నూల్ దిక్కు పోతయి!"

"నిజం! నిజం!" అని రైతులంతా కేకలు పెట్టారు. ఒకాయన లేచి తన కంది చేను కథ మొదలుపెట్టబోతే తేజస్విని చెయ్యెత్తి ఆపింది. "మామా, నీ చేతిల నాడె లేదు. కూసో." ఆయన కూర్చున్నాడు.

ఇక చూడాలి తండ్రీకూతుళ్లను! మబ్బులు కూడుకున్నాయి, బరువెక్కాయి, చినుకులయ్యాయి. ఆమె దారి తప్పబోతే అతను దారం గుంజాడు, అతను దారి తప్పబోతే ఆమె గుంజింది. మల్లేశ్ జేబులో ఫోను మోగింది. తిమ్మమ్మ "ఒరేయ్, ఫోను" అంటే, "ఆగవ్వా, వాన పడ్తుంది!" అన్నాడు. వాన పడింది, వాగులు పారాయి, వాగులు కృష్ణలో కలిశాయి, కృష్ణ పోయి సముద్రంలో కలిసింది. "మళ్ల ఎండ పడ్తది," అని తేజస్విని రెండు చేతులూ ఎత్తింది. "పాఠం సమాప్తం!"

చప్పట్లు, ఈలలు. నాగేంద్రమ్మ మేడం తడిసిన కాగితాలతోనే చప్పట్లు కొట్టారు. మా ఆయన ఇంకా బల్ల కాలికి కట్టేసి ఉన్నాడు, కళ్లలో నీళ్లు, నోటినిండా నవ్వు. వరండా అంతటా నా ఎర్ర పట్టు. స్తంభాలకు, పిల్లల కాళ్లకు, తిమ్మమ్మ చేతికర్రకు. కండె ఖాళీ. నాకు ఏడుపు రావాలి గదా? నవ్వొచ్చింది. ఆగకుండా వచ్చింది. ఆ తర్వాత ఏడుపు కూడా వచ్చింది గానీ, అది దారం కోసం కాదు.

జనం లేచి వెళ్లిపోతున్నారు. మల్లేశ్ మాత్రం నాడె పట్టుకుని అలాగే నిలబడ్డాడు. మా ఆయన కాలికి దారం విప్పుకుని దగ్గరికి పోయాడు. నేనూ పోయాను, నాడె కోసమే అనుకోండి.

"సారూ," అన్నాడు మల్లేశ్, తల వంచుకునే. "నేను నాలుగుల బడి ఇడిచిన. నా బుర్రల మట్టి ఉన్నదని పంతులన్నడు. నేను గట్లనే అనుకున్న. ఇన్నేండ్లు గట్లనే అనుకుంట ఉన్న." నాడెను చేతిలో అటూ ఇటూ తిప్పాడు. "ఇయ్యాల వాన ఎట్ల పడ్తదో నాకు తెలిసింది సారూ. మొదటి నుంచి తుద దాంక ఇన్న. నాకు గూడ ఇననీకి వస్తది."

మా ఆయన అతని భుజం మీద చెయ్యి వేశాడు. ఎప్పుడూ ఏదో ఒక దిక్కు తిరిగే ఆ కళ్లు ఆ మనిషి ముఖం మీంచి కదలలేదు.

"మరి సోమవారం బస్సు?" అంది తిమ్మమ్మ, భయం భయంగా.

"ఏం బస్సవ్వా! బస్సు లేదు, గిస్సు లేదు" అన్నాడు మల్లేశ్. మా ఆయన వైపు మొహమాటంగా చూశాడు. "సారూ, సోమవారం చేన్ల పని తక్కువున్నది. బిడ్డను నేనే తోలుకొస్త. జరసేపు దాని పక్కన కూసుంట. కూసోనిస్తరా?"

మా ఆయన జవాబు చెప్పేలోపే తేజస్విని వచ్చి వాళ్ల నాయన చేతిలోంచి నాడె తీసుకుంది.

"పక్కన గాదు నాయినా," అంది. "ఎదురుంగ కూసోవాలె. గప్పుడే నువ్వు ఇంటవు."